మూడేళ్ళ చదువు, నాలుగేళ్ళ తీర్పు: ఎండోడాంటిక్స్ పీజీ విద్యపై సమీక్ష

పన్ను నొప్పితో వచ్చిన మనిషి డాక్టరును అడిగేది ఒక్కటే: పీకించుకోవాలా, ఉంచుకోవచ్చా? ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పడానికి, ఉంచుకోవచ్చని చెప్పాక ఆ మాట నిలబెట్టుకోవడానికి ప్రత్యేకంగా తయారయ్యే వైద్యుడు ఎండోడాంటిస్ట్. మనం వాడుకలో నరం అనే పంటి లోపలి గుజ్జు, ఆ గుజ్జు దిగే వేరు, వేరు కొసను పట్టుకుని ఉన్న ఎముక ఆయన పరిధి. మన దేశంలో ఆ వైద్యుణ్ణి తయారు చేసే చదువు ఎండీఎస్, కన్సర్వేటివ్ డెంటిస్ట్రీ అండ్ ఎండోడాంటిక్స్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదేళ్ళ బీడీఎస్ చేశాక, ఇంకో మూడేళ్ళు చదవాలి. ఎండీఎస్‌లో తొమ్మిది శాఖలున్నాయి. మంచి ర్యాంకు వచ్చినవాళ్ళు ముందుగా ఎంచుకునే శాఖల్లో ఇదొకటి.

ఆ మూడేళ్ళలో ఏం నేర్పుతున్నాం, ఏం నేర్పాలి, నేర్చుకున్నారని ఎలా తెలుసుకుంటున్నాం అన్న మూడు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అన్నిటికంటే ముఖ్యమని నేను నమ్మే విషయం ముందే చెబుతాను. వేరు కొసన ఎముక కరిగిన పన్నుకు రూట్ కెనాల్ చేస్తే, ఆ ఎముక పూర్తిగా పూడిందో లేదో తేలడానికి కొన్నిసార్లు నాలుగేళ్ళ దాకా పడుతుంది. చదువు మాత్రం మూడేళ్ళే. తాను చేసిన వైద్యం ఫలించిందో లేదో తేలకముందే విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్ళిపోతున్నాడు. పాఠ్యప్రణాళిక, పరికరాలు, పరీక్షలు, థీసిస్‌ల గురించి మనం చేసే చర్చలన్నీ చివరికి ఈ ఖాళీ దగ్గరికే వచ్చి ఆగుతాయి.

రుజువు చూపించి నిలబడిన శాఖ

ఈ శాఖకు గుర్తింపు తేలిగ్గా రాలేదు. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ, కిరీటాల కిందా బ్రిడ్జీల కిందా మగ్గుతున్న చీము ఒంట్లోని రకరకాల జబ్బులకు మూలమవుతోందన్నాడు. ఆ మాట అమెరికా అంతటా పాకి ఫోకల్ ఇన్ఫెక్షన్ సిద్ధాంతంగా స్థిరపడింది. కీళ్ళనొప్పుల వంటి జబ్బులకు కారణం అంతుపట్టనప్పుడల్లా అనుమానం పళ్ళ మీదికి పోయేది. నరం చచ్చిన పళ్ళనే కాదు, బాగున్న పళ్ళను కూడా పీకేసిన కాలమది. కొన్ని దశాబ్దాల పాటు రూట్ కెనాల్ అనే వైద్యమే దోషిగా నిలబడాల్సి వచ్చింది.

దాన్ని మళ్ళీ నిలబెట్టినవాళ్ళు వాదించి ఊరుకోలేదు, లెక్కలు చూపించారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లూయీ గ్రాస్‌మన్ వేరు కాలువల్లోని సూక్ష్మజీవులను పరీక్షిస్తూ, వైద్యం చేసిన పళ్ళను మళ్ళీ మళ్ళీ చూస్తూ 1940లో ఒక పాఠ్యపుస్తకం తెచ్చాడు. ఆయన పేరుతో ఇప్పటికీ వస్తున్న ఆ పుస్తకానికి ఇటీవలి కూర్పుల సంపాదకులు బి. సురేష్ చంద్ర, వి. గోపీకృష్ణ అనే భారతీయ అధ్యాపకులు. 1943లో చికాగోలో అమెరికన్ ఎండోడాంటిస్టుల సంఘం ఏర్పడింది. 1963లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఎండోడాంటిక్స్‌ను ప్రత్యేక శాఖగా గుర్తించింది. బోస్టన్ విశ్వవిద్యాలయం స్పెషలిస్టుల చదువు కోసమే ఒక దంత కళాశాల తెరిచిందీ ఆ ఏడాదే. అక్కడ హెర్బర్ట్ షిల్డర్ వేరు కాలువను శుభ్రం చేసి ఆకృతి ఇవ్వడానికీ, మూడు కొలతల్లోనూ ఖాళీ లేకుండా నింపడానికీ ఒక పద్ధతిని స్థిరపరిచి తరాల విద్యార్థులకు నేర్పాడు.

1965లో కకెహాషీ, స్టాన్లీ, ఫిట్జ్‌జెరాల్డ్ చేసిన ప్రయోగం ఈ శాఖకు శాస్త్రీయమైన పునాది వేసింది. వాళ్ళు ఎలుకల పళ్ళకు రంధ్రం చేసి గుజ్జును బయటపెట్టి, అలాగే వదిలేశారు. మామూలు ఎలుకల్లో గుజ్జు కుళ్ళి వేరు కొసన చీము పట్టింది. సూక్ష్మజీవులే లేని వాతావరణంలో పెంచిన ఎలుకల్లో మాత్రం, రంధ్రంలో తిండి ఇరుక్కున్నా, గుజ్జు బతికి తన మీద తానే గట్టి పొర కట్టుకుంది. అంటే పంటి జబ్బుకు మూలం సూక్ష్మజీవులే. వాటిని బయట ఆపగలిగితే గుజ్జుకు తనను తాను కాపాడుకునే శక్తి ఉంది. పీజీ విద్యార్థి మూడేళ్ళలో నేర్చుకునే ప్రతి పనికీ ఈ ప్రయోగమే ఆధారం. తడి తగలకుండా రబ్బర్ డ్యామ్ కట్టడం, హైపోక్లోరైట్‌తో కాలువ కడగడం, చివర్లో పైనుంచి గట్టిగా మూసెయ్యడం అన్నీ సూక్ష్మజీవులతో యుద్ధమే.

ఈ చరిత్ర పీజీ విద్యకు ఒక షరతు పెడుతోంది. చేసిన పని నిలిచిందని చూపించినందుకే ఈ శాఖకు గుర్తింపు వచ్చింది. అందులోకి అడుగుపెట్టేవాడు ఆ చూపించడాన్ని కూడా నేర్చుకోవాలి.

ఒకే శాఖకు రెండు నమూనాలు

ప్రపంచంలో ఈ శిక్షణ ప్రధానంగా రెండు తీరులుగా సాగుతోంది. అమెరికాలో ఎండోడాంటిక్స్ విడి శాఖ. గుర్తింపు పొందిన కార్యక్రమం కనీసం 24 నెలలు ఉండాలి, చాలా చోట్ల అంతకంటే ఎక్కువే. విద్యార్థి దృష్టి అంతా వేరు కాలువల మీదే ఉంటుంది: మొదటిసారి వైద్యం, విఫలమైనదాన్ని విప్పి మళ్ళీ చెయ్యడం, వేరు కొసన శస్త్రచికిత్స, దెబ్బ తగిలిన పళ్ళు, నొప్పి నిర్ధారణ. ఫిల్లింగులు, కిరీటాలు చాలా వరకు వేరే వైద్యుల పని. యూరప్‌లో యూరోపియన్ సొసైటీ ఆఫ్ ఎండోడాంటాలజీ మూడేళ్ళ శిక్షణను సిఫారసు చేస్తోంది. బ్రిటన్‌లోనూ స్పెషలిస్టు జాబితాలో చేరడానికి పూర్తికాలం చదివితే మూడేళ్ళు.

మన దేశంలో రెండు శాఖలు ఒకే గొడుగు కింద ఉన్నాయి. కన్సర్వేటివ్ అంటే పుచ్చు తొలగించి పన్ను పూడ్చడం, ఇన్‌లే, కిరీటం, పోస్టు, రంగు సరిచెయ్యడం, అందం దిద్దడం. ఎండోడాంటిక్స్ అంటే వేరు వైద్యం. రెండూ మూడేళ్ళలో పట్టాలి. అంత విస్తీర్ణంలో లోతు ఎక్కడ దొరుకుతుందన్నది ఈ నమూనా మీద చాలాకాలంగా ఉన్న విమర్శ. పంటిని సగం చూసే వైద్యుడు పంటిని కాపాడలేడన్నది దీన్ని సమర్థించేవారి వాదన.

ఆధారాలు ఈ రెండో వాదం వైపు గట్టిగానే మొగ్గుతాయి. 1995లో ఫిలడెల్ఫియాలో రే, ట్రోప్ రూట్ కెనాల్ జరిగిన 1010 పళ్ళ ఎక్స్‌రేలు పరిశీలించారు. వేరు పూడ్పూ, పైన కట్టుబడీ (ఫిల్లింగు, కిరీటం వంటివి) రెండూ బాగున్న పళ్ళలో 91.4 శాతానికి వేరు కొసన జబ్బు లేదు. రెండూ బాగా లేనివాటిలో జబ్బు లేనివి 18.1 శాతమే. వేరు పని బాగా లేకపోయినా పైన కట్టుబడి బాగున్నచోట 67.6 శాతం పళ్ళు ఆరోగ్యంగా కనిపించాయి. వేరు పని బాగుండి పైన కట్టుబడి చెడిన చోట ఆ అంకె 44.1కి పడిపోయింది. తరవాత 2011లో గిల్లెన్ బృందం అనేక అధ్యయనాలను కలిపి చూసి, రెండిటికీ సమాన ప్రాధాన్యం ఇవ్వాలని తేల్చింది. అమెరికాలో సలేహ్రాబీ, రోట్‌స్టైన్ 2004లో బీమా రికార్డుల నుంచి 14 లక్షలకు పైగా పళ్ళను పరిశీలిస్తే, ఎనిమిదేళ్ళ తరవాత 97 శాతం నోట్లోనే ఉన్నాయి. పీకాల్సి వచ్చినవాటిలో 85 శాతానికి పూర్తి కిరీటం లేదు.

కాబట్టి మన ఉమ్మడి శాఖ పాత అలవాటుగా మిగిలిపోయిన ఏర్పాటేం కాదు, పంటికి అక్కరకొచ్చే ఏర్పాటు. వేరు లోపల కాలువను గీకి శుభ్రం చేసే ఫైలు తిప్పిన చేతే పైన కిరీటం కూర్చోబెట్టేదాకా బాధ్యత తీసుకోగలదు. ఇబ్బందల్లా సమయం పంపకంలో ఉంది. రోజువారీ ఫిల్లింగులతో ఓపీ నిండిపోయే విభాగంలో రీట్రీట్‌మెంటు, వేరు కొస శస్త్రచికిత్స, దెబ్బ తిన్న పిల్లల పళ్ళ వంటి కష్టమైన కేసులకు చోటు మిగలదు. నిజానికి స్పెషలిస్టు అవసరమయ్యేది వాటికే. అమెరికన్ సంఘం ప్రతి కేసునూ తక్కువ, మధ్యస్థ, అధిక కష్టం అని మూడుగా విడగొట్టే ఒక పత్రం తయారు చేసింది. మన విభాగాల్లో పీజీకి అప్పగించే కేసులను ఇలాంటి కొలతతో పంచితే, తేలిక పని ఇంటర్న్‌ల దగ్గర, మొదటేడు వారి దగ్గర ఉండి, మూడో ఏడు వారికి కష్టమైనవి మిగులుతాయి.

మూడేళ్ళ లోపల

ఎండీఎస్ ప్రవేశం 2017 నుంచి ప్రధానంగా నీట్ ద్వారానే. 240 బహుళైచ్ఛిక ప్రశ్నలు, మూడు గంటలు. జ్ఞాపకశక్తి ఎంతుందో ఆ పరీక్ష చెబుతుంది. చేతి నైపుణ్యం గురించి ఏమీ చెప్పదు. అందుకే మొదటి సంవత్సరానికి అంత బరువు. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధుల్లోని కళాశాలలన్నీ 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం నడుస్తాయి. మొదటేడు చివర అప్లైడ్ బేసిక్ సైన్సెస్ పరీక్ష ఉంటుంది: శరీర నిర్మాణం, సూక్ష్మజీవులు, మందులు, దంత పదార్థాలు, గణాంకాలు. మూడో ఏడు చివర సిద్ధాంత పత్రాలు, క్లినికల్ పరీక్ష, వైవా, పాఠం చెప్పి చూపించడం ఉంటాయి. మధ్యలో లైబ్రరీ డిసర్టేషన్, అసలు థీసిస్, సెమినార్లు, జర్నల్ క్లబ్.

మొదటేడు ప్రీక్లినికల్ గదిలో పీకిన పళ్ళ మీద జరిగే సాధన ఈ చదువుకు వెన్నెముక. దవడ పన్ను పైకప్పు తెరిచి, కాలువల మూతులు వెతికి, పన్నును నిలువునా కోసి చూసుకున్నప్పుడు పుస్తకంలోని బొమ్మకూ అసలు పంటికీ ఉన్న దూరం విద్యార్థికి తెలుస్తుంది. వాల్టర్ హెస్ 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే కాలువల్లో రబ్బరు నింపి, పన్నును కరిగించి, లోపలి ఆకృతిని బయటికి తీసి చూపించాడు. వేరు కాలువ నిటారైన గొట్టం కాదని, కొమ్మలూ వలలూ ఉన్న ఒక వ్యవస్థ అని ఆయన నమూనాలు చెప్పాయి. 1984లో వెర్టుచ్చి ఒక్కో వేరులో కాలువలు చీలి కలిసే తీరును ఎనిమిది రకాలుగా వర్గీకరించాడు. పరీక్ష కోసం ఆ ఎనిమిదింటినీ ప్రతి పీజీ కంఠస్థం చేస్తాడు. కోసిన పంటిలో వాటిని చూసినవాడికి మాత్రం రోగి నోట్లో కనిపించని కాలువను ఊహించగల శక్తి వస్తుంది.

సమస్య రెండో ఏడు మొదలవుతుంది. ఏ రకం కేసులు కనీసం ఎన్ని చెయ్యాలో నిబంధనలు సంఖ్యలు చెబుతాయి. కనీస సంఖ్య ఉండటం మంచిదే. అది లేకపోతే కొన్ని కళాశాలల్లో విద్యార్థి చేతికి తగినంత పని దొరకదు. కానీ లాగ్‌బుక్‌లో కేసు పూర్తయినట్టు రాసేది కాలువ నింపిన రోజున. ఆ రోజు ఎక్స్‌రేలో తెల్లగా, పొడుగ్గా, కొసకు సరిగ్గా ఆగిన గట్టాపెర్చా, అంటే కాలువ నింపిన పదార్థం, కనిపిస్తే సీనియర్లు మెచ్చుకుంటారు, గైడ్ సంతకం పెడతారు. పన్ను మానిందా అన్న ప్రశ్నకు ఆ పుస్తకంలో గడి లేదు.

పన్ను ఇచ్చే జవాబు

మానిందో లేదో తెలుసుకోవడానికి ఎంత కాలం చూడాలన్న ప్రశ్న మీద ఈ శాఖలో లోతైన పని జరిగింది. 1956లో స్వీడన్‌లో స్ట్రిండ్‌బర్గ్ రూట్ కెనాల్ చేసిన పళ్ళను ఏళ్ళ తరబడి గమనించి, ఫలితం స్థిరపడటానికి నాలుగేళ్ళ దాకా చూడాలన్నాడు. మానే పళ్ళలో చాలావాటికి ఆ సూచన మొదటి ఏడాదిలోనే కనిపిస్తుందని 1996లో నార్వేకు చెందిన ఓర్‌స్టావిక్ చూపించాడు. యూరోపియన్ సొసైటీ మార్గదర్శకాలు ఈ రెండిటినీ కలిపాయి: కనీసం ఏడాది నిండాక ఒకసారి చూడండి, ఎక్స్‌రేలో వేరు కొసన నల్ల మచ్చ ఇంకా ఉంటే నాలుగేళ్ళ దాకా చూడండి.

ఎందుకంత ఓపిక? అన్ని పళ్ళూ ఒకేలా మానవు గనక; మొదటి ఎక్స్‌రేలో కనిపించే స్థితే ఫలితాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. 1990లో స్యోగ్రెన్ బృందం చేసిన స్వీడిష్ అధ్యయనంలో, వేరు కొసన మచ్చ లేని పళ్ళలో 96 శాతానికి పైగా బాగున్నాయి. నరం చచ్చి మచ్చ ఉన్నవాటిలో 86 శాతం మానాయి. ఒకసారి వైద్యం జరిగి, మచ్చతో మళ్ళీ చేయించుకున్నవాటిలో 62 శాతమే. ఈ మూడు అంకెలకూ మధ్య ఉన్న తేడాలోనే స్పెషలిస్టు విద్య అంతా ఇమిడి ఉంది. మొదటి రకం పంటిని శ్రద్ధగల ఏ జనరల్ డెంటిస్టు అయినా కాపాడగలడు. మూడో రకం పంటిని ముందు పెట్టుకుని, విప్పి మళ్ళీ చెయ్యాలా, శస్త్రచికిత్స చెయ్యాలా, పీకి ఇంప్లాంటు వెయ్యాలా అని తేల్చగలిగినవాడే ఎండోడాంటిస్ట్. ఆ తీర్పు చెప్పగల బుద్ధి ఫైలు తిప్పినంత మాత్రాన రాదు. తాను తిప్పిన ఫైళ్ళు ఏడాది తరవాత, మూడేళ్ళ తరవాత ఏం చేశాయో కళ్ళారా చూస్తే వస్తుంది.

మన బోధనాసుపత్రుల్లో రోగి తిరిగి రావడం కష్టం. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత ఆసుపత్రికో, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ కళాశాలలకో, పట్టణ శివార్లలోని ప్రైవేటు కళాశాలలకో పల్లె నుంచి వచ్చిన మనిషికి ప్రతి రాకా ఒక రోజు కూలి నష్టం, బస్సు ఛార్జి ఖర్చు. నొప్పి తగ్గాక పన్ను చూపించుకోవడానికి మళ్ళీ రమ్మంటే ఎందుకు రావాలో ఆయనకు అర్థం కాదు. అర్థమయ్యేలా చెప్పడం కూడా చదువులో భాగమే. పై పన్ను పీకితే చూపు పోతుందనీ, నరం తీస్తే పన్ను ఎలాగూ ఊడుతుందనీ మన ఊళ్ళలో నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఎక్స్‌రేను వెలుగుకు పట్టి, ఇదిగో ఈ నల్ల మచ్చ ఏడాదిలో తెల్లబడాలి, అది చూడటానికే రమ్మంటున్నాం అని తెలుగులో ఓపిగ్గా చెప్పగలిగిన పీజీకి రోగి తిరిగి వచ్చే అవకాశం పెరుగుతుంది. ఈ మాట నేర్పడానికి ఏ పేపర్లోనూ మార్కులు లేవు.

కన్ను, చేయి, పరికరం

గత నలభై ఏళ్ళలో ఈ శాఖ పరికరాలు పూర్తిగా మారిపోయాయి. 1988లో వాలియా, బ్రాంట్లీ, గెర్‌స్టైన్ నికెల్ టైటానియం తీగతో ఫైళ్ళు చేసి చూస్తే, స్టీలు ఫైళ్ళ కంటే రెండు మూడు రెట్లు వంగాయి. వంపు తిరిగిన కాలువల్లో మోటారుతో పనిచెయ్యడం దానితో సాధ్యమైంది. 1993లో లోమా లిండా విశ్వవిద్యాలయంలో టొరాబినెజాద్ ఎంటీఏ అనే సిమెంటును పరిచయం చేశాడు. అప్పటిదాకా పీకెయ్యడమే దారి అనుకున్న, పొరపాటున రంధ్రం పడ్డ వేళ్ళను కూడా మూసే వీలు కలిగింది. కోన్ బీమ్ సీటీ వచ్చాక ఒకదాని వెనక ఒకటి దాక్కున్న వేళ్ళు విడివిడిగా కనిపిస్తున్నాయి.

కొత్త పరికరాల్లో శిక్షణను సూటిగా మార్చినది మైక్రోస్కోపు. పై దవడ మొదటి పెద్ద దంతంలో చెంప వైపు ముందున్న వేరులో రెండో కాలువ తరచూ తప్పిపోతుంది. స్ట్రాప్‌కో తన ఎనిమిదేళ్ళ కేసులను 1999లో ప్రకటించినప్పుడు, మొత్తం మీద ఆ కాలువ 73 శాతం పళ్ళలో దొరికింది. మైక్రోస్కోపును మామూలుగా వాడటం, అందుకు తగిన పనిముట్లు ఉంచుకోవడం, తగినంత సమయం ఇవ్వడం మొదలుపెట్టాక అది 93 శాతమైంది. దొరకని కాలువంటే శుభ్రం కాని కాలువే. అమెరికాలో 1990ల చివరి నుంచి ప్రతి ఎండోడాంటిక్స్ కార్యక్రమంలోనూ మైక్రోస్కోపు శిక్షణ తప్పనిసరి. మన దగ్గర విభాగంలో మైక్రోస్కోపు ఉందా అన్న ప్రశ్నతో తనిఖీ ఆగిపోకూడదు. ప్రతి పీజీకి వారానికి ఎన్ని గంటలు దాని కింద కూర్చునే అవకాశం వస్తోందో లెక్క తియ్యాలి.

పరికరాలతో పాటు వైద్యపు దిక్కు కూడా మారుతోంది. పుచ్చు లోతుకు వెళ్ళగానే నరం తీసెయ్యడం ఒకప్పటి అలవాటు. ఎంటీఏ, దాని తరవాత వచ్చిన కాల్షియం సిలికేట్ సిమెంట్ల వల్ల గుజ్జులో పాడైన భాగం మాత్రమే తీసి మిగతాది బతికించడం చాలా సందర్భాల్లో సాధ్యమవుతోంది. 2019లో యూరోపియన్ సొసైటీ, 2021లో అమెరికన్ సంఘం ఈ దిశగా ప్రకటనలు చేశాయి. పరీక్ష కోసం రూట్ కెనాల్ కేసుల సంఖ్య పూర్తి చెయ్యాల్సిన పీజీకీ, నరాన్ని బతికించాలనుకునే వైద్యుడికీ మధ్య ఇక్కడొక సంఘర్షణ వస్తుంది. బతికించిన నరాన్ని కూడా లాగ్‌బుక్‌లో సమాన గౌరవంతో లెక్కిస్తేనే అది తీరుతుంది.

పక్కన నిలబడే గురువు

ఫైలు వేరు లోపల విరగడం, కాలువ అడుగున రంధ్రం పడటం, హైపోక్లోరైట్ వేరు కొస దాటి ముఖం వాచిపోవడం వంటివి నేర్చుకునే ఏ చోటైనా జరుగుతాయి. అవి జరిగిన నిమిషంలో పక్కన ఎవరున్నారన్నదే ఆ విభాగం స్థాయిని చెబుతుంది. గురువు పక్కన ఉంటే అది పాఠమవుతుంది. లేకపోతే విద్యార్థి దాచడం నేర్చుకుంటాడు, రోగికి నిజం తెలియదు. విరిగిన ముక్కను ఎప్పుడు తియ్యాలి, ఎప్పుడు అలాగే వదిలి గమనించాలి, రోగికి ఆ సంగతి ఏ మాటలతో చెప్పాలి అన్నది మూడేళ్ళలో తప్పనిసరిగా నేర్పాల్సిన పాఠం.

వైద్యవిద్యలో ఇప్పుడు ప్రచారంలో ఉన్న ఒక ఆలోచన ఇక్కడ పనికొస్తుంది. 2005లో నెదర్లాండ్స్‌కు చెందిన ఓలె టెన్ కాటె, శిక్షణలో ఉన్న వైద్యుడికి ఏ పనిని ఏ మేరకు నమ్మి అప్పగించవచ్చో పనివారీగా తేల్చాలని ప్రతిపాదించాడు. ముందు చూడటం, తరవాత గురువు పక్కన ఉండగా చెయ్యడం, ఆ తరవాత పిలిస్తే గురువు వచ్చేంత దూరంలో చెయ్యడం, చివరికి ఒంటరిగా చేసి జూనియర్‌కు నేర్పడం. మన విభాగాల్లో ఈ మెట్లు పెద్దల మనసుల్లో ఉన్నాయి. కాగితం మీదికి వస్తే, ఏ పీజీ ఏ మెట్టు మీద ఎందుకు ఆగాడో గురువుకూ విద్యార్థికీ తెలుస్తుంది.

గురువు పక్కన నిలబడాలంటే ఆయనకు తీరిక ఉండాలి, విద్యార్థికి బతుకు భరోసా ఉండాలి. కొన్ని ప్రైవేటు కళాశాలల్లో స్టైపెండ్ సక్రమంగా అందదన్న ఫిర్యాదు పాతదే. సాయంత్రాలు బయటి క్లినిక్‌లలో పనిచేస్తే తప్ప ఫీజు అప్పు తీరని పీజీకి లైబ్రరీలో కూర్చునే ఓపిక ఎక్కడిది? దీన్ని విద్యార్థి సొంత కష్టమని వదిలెయ్యడం తప్పు. అది నేరుగా రోగి పంటి మీద ప్రభావం చూపే సంగతి.

థీసిస్ దేనికోసం

పీజీ థీసిస్‌లలో ఎక్కువ భాగం ప్రయోగశాలలో, పీకిన పళ్ళ మీద జరుగుతాయి: ఈ సిమెంటు ఎంత గట్టిగా అంటుకుంది, ఆ ఫైలు ఎన్ని తిప్పులకు విరిగింది, ఏ ద్రావణం ఎంత పొరను తొలగించింది. వీటికి విలువ లేదనను. మొదటిసారి పరిశోధన చేసేవాడికి ప్రయోగ నియమాలు, గణాంకాలు నేర్పడానికి అవి మంచి బడి. ప్రయోగశాల వైపే అందరూ మళ్ళడానికి కారణం మాత్రం గడువు. చేరిన మొదటేడే సినాప్సిస్ ఇచ్చి, చివరి పరీక్షకు ఎంతో ముందే థీసిస్ సమర్పించాలంటే రోగిని నాలుగేళ్ళు గమనించే అంశం ఎవరు ఎంచుకోగలరు?

అయినా దీనికి దారి ఉంది. ఒకరి థీసిస్‌ను ఒకరితో ముగించకపోతే చాలు. ఒక సీనియర్ కొన్ని పళ్ళకు వైద్యం చేసి మొదటి ఏడాది ఫలితం రాస్తాడు. అవే పళ్ళను అందుకున్న జూనియర్ మూడో ఏటి ఫలితం రాస్తాడు. ఆ తరవాతివాడు అయిదో ఏటిది. గొలుసులో ప్రతి కొక్కేనికీ ఒక థీసిస్. పదేళ్ళకు ఆ విభాగం చేతిలో తెలుగువాళ్ళ పళ్ళ గురించి, మన తిండి, మన నీరు, మన రోగులు తిరిగి వచ్చే తీరు గురించి సొంత లెక్కలు ఉంటాయి. ఇప్పుడు మనం వల్లించే అంకెల్లో ఎక్కువ భాగం స్వీడన్‌వీ, అమెరికావీ.

పట్టా తరవాత

మన నగరాల్లో చాలామంది కొత్త ఎండోడాంటిస్టుల బతుకు విజిటింగ్ కన్సల్టెంటుగా మొదలవుతుంది. తన ఫైళ్ళ పెట్టె పట్టుకుని ఒక క్లినిక్ నుంచి ఇంకో క్లినిక్‌కు వెళ్ళి రూట్ కెనాల్ చేసి వస్తారు. కిరీటం ఆ క్లినిక్ డాక్టరు వేస్తాడు, లేదా రోగి వేయించుకోడు. వేరు పనిచేసిన మనిషి ఆ పన్నును మళ్ళీ చూడడు. కిరీటం లేకపోతే పన్నుకు ఏమవుతుందో పైన చెప్పిన అధ్యయనాలు చెప్పాయి. మూడేళ్ళ చదువులో పన్నును వెనక్కి పిలిచి చూసే అలవాటు పడనివాడికి ఈ ఉద్యోగం ఆ అలవాటు నేర్పదు. పడినవాడు మాత్రం కన్సల్టెంటుగా తిరుగుతూనే ప్రతి క్లినిక్‌లోనూ తన పళ్ళ జాబితా పెట్టుకుని, ఏడాదికి ఎక్స్‌రే అడిగి తెప్పించుకోగలడు.

విదేశాలకు వెళ్ళే తెలుగు పిల్లలకూ ఇది వర్తిస్తుంది. ఇక్కడి ఎండీఎస్‌తో నేరుగా ప్రాక్టీసు పెట్టడం అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కుదరదు, అక్కడి గుర్తింపు పొందిన చదువు మళ్ళీ చదవాలి. అక్కడి ఎండోడాంటిక్స్ బోర్డు సర్టిఫికెట్ కావాలనుకునేవాళ్ళు రాత పరీక్షతో పాటు తాము స్వయంగా చేసిన కేసులను, తరవాతి కాలపు ఎక్స్‌రేలతో సహా సమర్పించాలి. చేసినదానికి ఫలితం చూపించమని అడగడం ఆ పరీక్షలో భాగమే.

చెయ్యదగిన పనులు

మొదటిది, ప్రతి విభాగానికీ పళ్ళ రిజిస్టరు. కేసు షీటు పీజీ పేరు మీద కాకుండా విభాగం పేరు మీద ఉండాలి. పట్టా పుచ్చుకుని వెళ్ళే సీనియర్ తన పళ్ళన్నిటినీ ఫోను నంబర్లు, ఎక్స్‌రేలతో సహా జూనియర్‌కు అప్పగించాలి. ఏడాదికి, నాలుగేళ్ళకు రోగిని పిలవడం ఆ జూనియర్ బాధ్యత. అలా వచ్చినవారికి ఓపీ క్యూ లేకుండా చూడటం కళాశాల బాధ్యత.

రెండోది, చివరి వైవాలో విద్యార్థి తాను గమనించిన కొన్ని కేసులు తేవాలి. అందులో మానని పన్ను ఒకటైనా ఉండాలి. ఎందుకు మానలేదో, ఇప్పుడైతే ఏం చేస్తాడో పరీక్షకులు అడగాలి. అందంగా వచ్చిన ఎక్స్‌రేల కంటే ఆ ఒక్క పన్ను మీద అతని జవాబు ఎక్కువ చెబుతుంది.

మూడోది, కేసులను కష్టాన్ని బట్టి పంచడం, మైక్రోస్కోపు గంటలను లెక్కించడం, బతికించిన నరాన్ని పూర్తయిన కేసుగా గుర్తించడం. ఈ మూడూ కేవలం లాగ్‌బుక్ మార్పులు.

నాలుగోది, పీజీలను కొన్ని వారాలు జిల్లా ఆసుపత్రులకు పంపడం. అక్కడ మైక్రోస్కోపు ఉండదు, సీటీ ఉండదు. రబ్బర్ డ్యామ్, మంచి ఎక్స్‌రే, పదునైన నిర్ధారణ ఉంటే ఎంత దూరం వెళ్ళవచ్చో అక్కడే తెలుస్తుంది. స్పెషలిస్టులు నగరాల్లోనే పోగుపడిన మన రాష్ట్రాల్లో, పీకించుకోవడం తప్ప దారి లేని మనిషికి రెండో దారి చూపించడం కూడా ఈ చదువు బాధ్యతే.

2023లో పార్లమెంటు జాతీయ డెంటల్ కమిషన్ చట్టం చేసింది. 1948 నాటి డెంటిస్టుల చట్టం స్థానంలో కొత్త వ్యవస్థను నిలపడం దాని ఉద్దేశం. పీజీ విద్య ప్రమాణాలు మళ్ళీ రాసుకునే అవకాశం ఇది. కనీస సంఖ్యలతో పాటు కనీస గమనింపు కాలం కూడా ఆ ప్రమాణాల్లోకి ఎక్కాలని వృత్తి సంఘాలు గట్టిగా అడగాలి.

అప్పటిదాకా ఆగనక్కర్లేదు. రిజిస్టరు తెరవడానికి విభాగాధిపతి నిర్ణయం చాలు. ఈ ఏడాది చేరిన బ్యాచ్ చేసే మొదటి దవడ పన్ను నుంచే మొదలుపెడితే, వాళ్ళు పట్టాలు పుచ్చుకుని వెళ్ళిన మరుసటేడు ఆ పళ్ళ నాలుగేళ్ళ ఎక్స్‌రేలు వాళ్ళ జూనియర్ల చేతుల్లో ఉంటాయి. వాటిని సీనియర్లకు పంపితే, మూడేళ్ళలో వాళ్ళకు అందని చివరి పాఠం అప్పుడు అందుతుంది.